నొప్పి మాత్రకీ ఒక చరిత్ర ఉంది

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకొస్తాయి. పరీక్షలో అడిగేది కూడా అవే. కానీ మన ఇంట్లో అల్మారాలో ఉండే చిన్న వస్తువులకి కూడా చరిత్ర ఉంటుంది. అలాంటి ఒక వస్తువు నొప్పి మాత్ర. అది ఎక్కడ పుట్టింది, ఎవరు కనిపెట్టారు, దాని వల్ల మేలుతో పాటు కీడు ఎలా బయటపడింది అనేది ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మా హొసకోటె బెంగళూరుకి తూర్పున, పాత మద్రాసు రోడ్డు మీద ఉంది. ఇక్కడ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు, కూరగాయల తోటల్లో రోజంతా వంగి పని చేసేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయంత్రానికి నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. డాక్టరు దగ్గరికి పోతే ఒక పూట కూలి పోతుంది. అందుకే మెడికల్ షాపుకి పోయి "అన్నా, ఒళ్ళు నొప్పులకి ఒక సెట్టు ఇవ్వు" అంటారు. సెట్టు అంటే రెండు మూడు రకాల మాత్రలు కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసి ఇచ్చేది. ఆ కవరు మీద ఏ పేరూ ఉండదు. ఈ పేరు లేకపోవడం ఎంత పెద్ద విషయమో చరిత్ర చదివాకే నాకు బాగా అర్థమైంది.

ఏవి ఈ మందులు?

దెబ్బ తగిలినా, కీళ్ళు అరిగినా అక్కడ ఎర్రబడి, వేడెక్కి, వాచి నొప్పి పుడుతుంది. ఆ వాపునీ నొప్పినీ తగ్గించే మందులే ఇవి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, మెఫెనామిక్ యాసిడ్ అన్నీ ఈ కుటుంబానివే. కంపెనీ పేర్లు వేరువేరుగా ఉంటాయి గానీ లోపల ఉండే మందు ఇవే. పారాసిటమాల్ మాత్రం ఈ కుటుంబంలోది కాదు. అది జ్వరం, నొప్పి తగ్గిస్తుంది కానీ వాపు మీద పెద్దగా పని చేయదు. దానికీ ఒక హద్దు ఉంది, అది దాటితే కాలేయం దెబ్బతింటుంది.

చేదు బెరడు నుంచి ఆస్పిరిన్ దాకా

విల్లో అనే చెట్టు బెరడు నొప్పికి, జ్వరానికి పనిచేస్తుందని పాత కాలం వాళ్ళకే తెలుసు. కానీ దాన్ని పద్ధతిగా పరీక్షించి రాసిపెట్టిన వాడు ఎడ్వర్డ్ స్టోన్. ఆయన ఇంగ్లండులో ఒక చర్చి పాదిరీ. విల్లో బెరడు నోట్లో పెట్టుకుంటే చాలా చేదుగా ఉంది. మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడు కూడా ఇలాగే చేదు కదా, ఇది కూడా పనిచేస్తుందేమో అనుకున్నాడు. బెరడుని ఎండబెట్టి పొడి చేసి, చలిజ్వరం వచ్చిన సుమారు 50 మందికి ఇచ్చాడు. మొదట కొంచెం ఇచ్చి, ఏం జరుగుతుందో చూసి, తర్వాతే మోతాదు పెంచాడు. 1763లో ఈ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరంగా రాశాడు. కొంచెంతో మొదలుపెట్టి గమనించాలనే పాఠం ఈ మందు చరిత్ర మొదటి పేజీలోనే ఉందన్న మాట.

1828లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో బుక్నర్ అనే ఆయన బెరడు నుంచి అసలు పదార్థాన్ని వేరు చేశాడు. దానికి సాలిసిన్ అని పేరు పెట్టారు. తర్వాత దాని నుంచి సాలిసిలిక్ ఆమ్లం వచ్చింది. కీళ్ళ నొప్పులకి బాగా పనిచేసింది కానీ కడుపులో మంట, వాంతులు తెచ్చేది. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దాన్ని మార్చి శుద్ధమైన అసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం తయారు చేశాడు. 1899లో అదే ఆస్పిరిన్ అనే పేరుతో బజారుకి వచ్చింది. హాఫ్‌మన్ నాన్నకి కీళ్ళ నొప్పులు ఉండేవనీ, ఆయన కోసమే ఈ మందు చేశాడనీ పుస్తకాల్లో చెబుతారు.

కానీ ఇక్కడ ఒక వివాదం ఉంది. అదే కంపెనీలో పనిచేసిన ఆర్థర్ ఐకెన్‌గ్రూన్ అనే యూదు శాస్త్రవేత్త, ఆ పని తాను చెప్పి చేయించిందేనని 1949లో రాశాడు. హిట్లర్ కాలంలో ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఎవరి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఎవరి పేరు జారిపోతుంది అనేది కూడా చరిత్రే.

ఆస్పిరిన్ వచ్చాక కడుపు సమస్య తీరిపోయిందనే చాలామంది అనుకున్నారు. సుమారు 40 ఏళ్ళ తర్వాత, 1938లో లండన్ డాక్టర్లు గొట్టం లాంటి పరికరంతో కడుపు లోపల చూశారు. ఆస్పిరిన్ ముక్కలు తగిలిన చోట కడుపు పొర ఎర్రబడి కనిపించింది. మంచి మందు కూడా కడుపుని గాయపరచగలదని కంటితో చూసి తెలుసుకున్నారు.

ఐబుప్రోఫెన్, ఒక నోబెల్ బహుమతి

ఆస్పిరిన్ కంటే కడుపుకి తేలికైన మందు కోసం ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బూట్స్ కంపెనీ శాస్త్రవేత్త స్టూవర్ట్ ఆడమ్స్ ఏళ్ళ తరబడి వెతికాడు. ఆయన బృందం 600కి పైగా రసాయనాలు పరీక్షించింది. చివరికి 1961లో ఐబుప్రోఫెన్ దొరికింది. 1969లో బ్రిటన్‌లో డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చేవాళ్ళు. చీటీ లేకుండా కొనుక్కోవడానికి 1983లో గానీ అనుమతి రాలేదు, అది కూడా తక్కువ మోతాదుకే. అంటే 14 ఏళ్ళు జనం మీద దాని మంచి చెడ్డా చూశాకే అందరి చేతికీ ఇచ్చారు.

ఇన్ని మందులు వచ్చినా అవి ఒంట్లో ఎలా పనిచేస్తాయో 1971 దాకా తెలియదు. ఆ ఏడాది జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆ రహస్యం విప్పాడు. మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు చేసుకుంటుంది. నొప్పిని, వాపుని పుట్టించేవి అవే. ఈ మందులు వాటి తయారీని ఆపేస్తాయి. ఈ పనికి ఆయనకి 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని మాత్రమే పుట్టించవు. కడుపులో ఊరే ఆమ్లం కడుపునే కాల్చకుండా లోపలి పొరని కాపాడేది అవే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీలకి రక్తం సరిగా అందేలా చూసేది కూడా అవే. మాత్ర వేసుకుంటే మోకాలి దగ్గరే కాకుండా కడుపులోనూ, కిడ్నీలోనూ వాటి తయారీ ఆగిపోతుంది. మా సైన్సు టీచరు దీన్ని ఇలా చెప్పారు: "వీధిలో గోల చేస్తున్నారని ఊళ్ళో మనుషులందర్నీ పంపించేస్తే గోల ఆగుతుంది, కావలి కాసేవాళ్ళు కూడా పోతారు."

పిల్లలకి ఒక లెక్క, పెద్దలకి ఒక లెక్క

1963లో ఆస్ట్రేలియాలో డగ్లస్ రే అనే డాక్టరు పిల్లల్లో మెదడుకీ కాలేయానికీ వచ్చే ఒక ప్రమాదకరమైన జబ్బు గురించి రాశాడు. ఫ్లూ, ఆటలమ్మ లాంటివి వచ్చినప్పుడు ఆస్పిరిన్ ఇచ్చిన పిల్లల్లో ఇది ఎక్కువగా వస్తోందని 1980లలో తెలిసింది. అప్పటి నుంచి డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదని హెచ్చరికలు వచ్చాయి. ఎనభై ఏళ్ళకి పైగా వాడుకలో ఉన్న మందు గురించి కూడా కొత్త సంగతి బయటపడిందంటే చూడండి.

మన దేశంలో నిమెసులైడ్‌ది కూడా ఇలాంటి కథే. మన తెలుగు ఇళ్ళల్లో దీన్ని ఎక్కువగా "నైస్" అంటారు. అది హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అమ్మే మాత్ర పేరు. కాలేయానికి హాని చేస్తుందనే అనుమానంతో 2002లో ఫిన్లండ్, స్పెయిన్ దేశాలు నిమెసులైడ్ అమ్మకాన్ని ఆపాయి. మన ప్రభుత్వం 2011లో 12 ఏళ్ళ లోపు పిల్లలకి దాన్ని వాడకూడదని నిషేధించింది. ఇంట్లో పెద్దవాళ్ళకి తెచ్చిన మాత్రని సగం విరిచి చిన్నపిల్లలకి వేయడం ఎందుకు తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది. పిల్లలకి మోతాదుతో పాటు మందే మారొచ్చు.

రాబందులు చెప్పిన పాఠం

ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించింది మన దేశంలో జరిగిన సంఘటనే. ఇందులో చనిపోయింది మనుషులు కాదు, రాబందులు.

మన పెద్దవాళ్ళ చిన్నతనంలో ఊరి బయట పశువు చస్తే రాబందులు గుంపుగా వాలి గంటల్లో శుభ్రం చేసేవి. 1990లలో అవి ఒక్కసారిగా తగ్గిపోయాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో 1980ల చివర 350కి పైగా రాబందుల జంటలు గూళ్ళు కట్టుకునేవి. పదేళ్ళు గడిచేసరికి ఆ గూళ్ళు దాదాపు ఖాళీ అయ్యాయి. తెల్ల వీపు రాబందులైతే దేశం మొత్తం మీద నూటికి 99 పైగా పోయాయి. పక్షులు మెడలు వేలాడేసి కూర్చుని, కొన్నాళ్ళకి చెట్టు మీద నుంచి రాలిపడేవి. ఏదో వైరస్ అని మొదట చాలామంది అనుకున్నారు.

పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త బృందం చచ్చిన రాబందుల్ని కోసి చూసింది. వాటి కిడ్నీలు పాడయ్యాయి, లోపలి అవయవాల మీద తెల్లటి సున్నంలా యూరిక్ ఆమ్లం పేరుకుంది. వైరస్ దొరకలేదు, విషం దొరకలేదు. అప్పుడు వాళ్ళు ఒక మామూలు ప్రశ్న వేశారు. రాబందులు తినేది చచ్చిన పశువుల్ని కదా, ఆ పశువులకి రైతులు ఏ మందు ఇస్తున్నారు? పశువుల డాక్టర్లనీ, మందుల షాపుల వాళ్ళనీ అడిగారు. డైక్లోఫెనాక్ అనే జవాబు వచ్చింది. కిడ్నీలు పాడై చచ్చిన 25 రాబందుల్ని పరీక్షిస్తే 25 లోనూ ఆ మందు ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13 రాబందుల్లో ఒక్కదానిలోనూ లేదు. 2004లో ఇది నేచర్ పత్రికలో అచ్చయింది. పశువుల కళేబరాల్లో నూటికి ఒకటి కంటే తక్కువ వాటిలో ఈ మందు ఉన్నా చాలు, రాబందుల జాతి అంతా కూలిపోతుందని తర్వాత లెక్క కట్టారు.

2006లో మన ప్రభుత్వం పశువులకి డైక్లోఫెనాక్ తయారీని నిషేధించింది. అప్పుడు కొందరు మనుషుల కోసం చేసే పెద్ద సీసాలు కొని పశువులకి పొడవడం మొదలుపెట్టారు. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షను సీసా 3 మిల్లీలీటర్లకి మించకూడదన్నారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు రాబందులకి హాని చేయదని తేలింది కాబట్టి పాడి రైతులు పశువుల డాక్టర్ని అడిగి అది వాడొచ్చు.

ఈ కథ మనకి దూరంది కాదు. బెంగళూరుకి అవతల మైసూరు రోడ్డులో రామనగర దగ్గర రామదేవర బెట్ట మీద మిగిలిన కొద్ది రాబందుల కోసం 2012లో కర్ణాటక ప్రభుత్వం అభయారణ్యం ప్రకటించింది. షోలే సినిమా తీసింది ఆ రాళ్ళ గుట్టల్లోనే. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద కూడా రాబందుల గూళ్ళు కనిపించాయి. లేపాక్షి పోయినవాళ్ళు అక్కడి పెద్ద జటాయువు బొమ్మ చూసే ఉంటారు. కథలో జటాయువుని రావణుడు కొట్టాడు. మన కాలంలో ఆ జాతిని పడగొట్టింది ఒక నొప్పి మందు, అది కూడా ఎవరూ చెడు ఉద్దేశంతో ఇవ్వలేదు.

మనుషుల కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు. డాక్టర్లు మనకి డైక్లోఫెనాక్ ఇప్పటికీ రాస్తున్నారు, సరిగ్గా వాడితే అది ఉపయోగపడే మందే. కానీ దెబ్బ తగిలే చోటు మాత్రం మనకీ అక్కడే ఉంది.

మన ఇళ్ళల్లో

మా అవ్వకి షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. చాలా నెలలు సెట్టు మాత్రల మీదే నడిచింది. పోయిన ఎండాకాలంలో కాళ్ళు వాచాయి, ఒంటేలు తగ్గింది, అన్నం సయించలేదు. రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. అంటే కిడ్నీలు మలినాల్ని సరిగా వడకట్టడం లేదని అర్థం. డాక్టరమ్మ మొదట అడిగింది "ఏ మాత్ర వేసుకుంటున్నావవ్వా?" అని. అవ్వ "తెల్లదొకటి, పసుప్పచ్చదొకటి" అంది. నాయనకీ తెలియదు, అమ్మకీ తెలియదు. ఇంట్లో మిగిలిన కవరు తెచ్చి చూపిస్తే అందులో పేరు లేని విడి మాత్రలే ఉన్నాయి. రాబందుల విషయంలో శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్నే ఇది. వాళ్ళకి జవాబు దొరికింది, మాకు దొరకలేదు.

డాక్టరమ్మ అన్ని నొప్పి మాత్రలూ ఆపించింది. బీపీ మాత్ర, ఒంటేలు ఎక్కువ వచ్చే మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీకి చాలా ప్రమాదమని చెప్పింది. కొన్ని వారాలకి క్రియాటినిన్ కొంత తగ్గింది, పూర్తిగా మామూలు కాలేదు. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. ఇప్పుడు అవ్వ ఉప్పు కాపడం పెట్టుకుంటుంది, కుర్చీలో కూర్చుని కాలు చాచే వ్యాయామం చేస్తుంది, మరీ నొప్పిగా ఉంటే డాక్టరమ్మ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకుంటుంది. "నొప్పి పోలేదు గానీ, నొప్పితో ఎట్లా బతకాలో తెలిసింది" అంటుంది.

కిడ్నీ జబ్బు అంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళని అడగాలి. కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా ఉండే ఆ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఆ జబ్బుతో చితికిపోయాయి. అక్కడ అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. కారణం ఏదైనా, ఒకసారి కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు ఈ రకం నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదనే విషయంలో డాక్టర్లందరిదీ ఒకే మాట.

చరిత్ర నుంచి మనం పాటించాల్సినవి

1. మాత్ర కొనేటప్పుడు పేరు అడగాలి. కంపెనీ పేరు కాకుండా లోపలి మందు పేరు చూడాలి. విడి మాత్రలు కాగితంలో ఇస్తే తీసుకోకూడదు. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీతోనే కొనాల్సిన మందు.

2. ఈ కుటుంబం మందులు రెండు కలిపి వేసుకోకూడదు. పేర్లు వేరైనా లోపల ఒకే రకం ఉండొచ్చు. జలుబు మాత్రల్లో కూడా కొన్నిసార్లు ఉంటాయి.

3. తక్కువ మోతాదు, తక్కువ రోజులు. అమెరికాలో ఐబుప్రోఫెన్ డబ్బా మీద సొంతంగా అయితే నొప్పికి పది రోజులు, జ్వరానికి మూడు రోజులు దాటొద్దని అచ్చు వేస్తారు. అంతకంటే ముందే డాక్టర్ని కలవడం ఇంకా మంచిది.

4. పరగడుపున వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు, ఎండలో పనిచేసి నీళ్ళు తగ్గినప్పుడు వేసుకోకూడదు.

5. కిడ్నీ, గుండె జబ్బులు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. గర్భిణులు కూడా అంతే, ముఖ్యంగా ఐదో నెల నుంచి. గుండెకి డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ని మాత్రం ఈ వ్యాసం చదివి సొంతంగా ఆపకండి.

6. డెంగీ జ్వరం అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. రక్తస్రావం ఎక్కువ అవుతుంది. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చింది కాబట్టి ఇది మన అందరికీ పనికొచ్చే మాట.

7. నెలసరి నొప్పికి వాడే మెఫెనామిక్ యాసిడ్ వల్ల అరుదుగా జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు వచ్చి లోపలి అవయవాలు దెబ్బతింటాయని 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. దద్దుర్లు వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి పోవాలి.

8. మలం నల్లగా తారులా రావడం, రక్తపు వాంతి, ఒంటేలు తగ్గడం, ముఖం కాళ్ళు వాయడం, ఆయాసం, గుండెలో నొప్పి: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. మందు వల్ల హాని జరిగితే 1800-180-3024 అనే ఉచిత నంబరుకి చెప్పొచ్చు. 2010లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం అది. మనం చెబితేనే రేపు ఇంకొకరికి హెచ్చరిక వస్తుంది.

ముగింపు

స్టోన్ పాదిరీ కాలం నుంచి ఇప్పటిదాకా 260 ఏళ్ళు దాటాయి. మాత్ర స్ట్రిప్పు మీద కనిపించే ప్రతి చిన్న అక్షరం వెనుక ఎవరి కడుపో, ఎవరి బిడ్డో, ఏ పక్షి కిడ్నీనో ఉంది. అంత ఖరీదు పెట్టి ప్రపంచం నేర్చుకున్న దాన్ని మనం కత్తెరతో కత్తిరించి, పేరు లేని కవర్లో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాం.

నొప్పి మాత్ర శత్రువు కాదు. అది లేకపోతే పనికి పోలేనివాళ్ళు మన చుట్టూ ఉన్నారు. వాళ్ళని మానేయమనడం సులువు, ఒక పూట కూలి ఇవ్వడం సులువు కాదు. కాబట్టి మనం చదువుకున్నవాళ్ళం చేయగలిగింది ఒకటి చేద్దాం. స్ట్రిప్పు మీద పేరు మన ఇంట్లో పెద్దవాళ్ళకి చదవడం రాకపోవచ్చు, మనకి వచ్చు. ఈ ఆదివారం ఇంట్లో మందుల డబ్బా కిందికి దించి, అవ్వ తాతల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మాత్ర పేరు, ఎవరు రాశారు, ఎన్ని రోజులకి రాశారు అని ఒక నోటుబుక్కులో రాయండి. పేరు లేని మాత్రలు పక్కకి తీసేయండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకుపోండి.